స్వామి తీసుకోని గొంతు

ఈ బరువు మోసి మోసి నాకు విసుగొచ్చింది. పశ్చాత్తాపం లాంటి పెద్ద మాటలు వాడను. విసుగు, ఆ పైన కోపం. ఇన్నేళ్ళుగా నా గుండెల మీద కూర్చున్న దాన్ని ఇవాళ మెడపట్టి బయటికి గెంటుదామని కాగితం ముందేసుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అదీ పిరికితనమే, కాదనను. పేరు చెప్పి మరీ రాయాలంటే ఈ మాత్రం కూడా రాయలేను, నా సంగతి నాకు తెలుసు.

మొన్న చలికాలంలో ఆళ్లగడ్డ అవతల ఒక ఊరికి పోయాను. పారువేట రోజులు. అహోబిలం స్వామి వేటకు బయల్దేరి, పల్లకీలో చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగే రోజులన్నమాట. పల్లకీ దించడానికి ఊరూరా ఒక రాతి అరుగు ఉంటుంది, దాన్ని తెలుపు అంటారు. ఆ తెలుపు దగ్గర ఒకాయన నలుగురిని పోగేసుకుని కథ చెబుతున్నాడు. "ఈడనే అప్పా. ఓబులేసని పాటగాడుండె. పెద్దమనిషిని పట్టుకోని ఎగతాళి పాట కట్టె. సామి ముందరే పాడె. సామి ఊరుకుంటాడా? పాడతాంటే పాడతాంటేనే గొంతు తీసేసుకునె." అంటూ నా నెరిసిన తల చూసి, "ఏం పెద్దాయనా, నువ్వు ఆ కాలపోనివే కదా, అబద్ధమా?" అన్నాడు.

నేను తలూపాను. ఊపి ఊరుకున్నానా? లెంపలు కూడా వేసుకున్నాను. థూ, నా బతుకు! ఈ వయసులో కూడా నా చేతులు వాటంతటవే చెంపల మీదికి పోయాయి. అబద్ధానికి అంత అలవాటు పడ్డాయి.

ఆ గొంతు తీసింది స్వామి కాదు. మనిషి. హార్మోనియం వాయించేవాడు. ఆ హార్మోనియం వాయించేవాడే ఇప్పుడు మీకు రాస్తున్నాడు.

ఓబులేసన్నది ఆళ్లగడ్డ పక్క పల్లె. చెక్కభజన దళానికి పెద్ద. మగవాళ్ళు గుండ్రంగా నిలబడి, ఇత్తడి బిళ్ళలు బిగించిన కొయ్యచెక్కలు చేతుల్లో ఆడిస్తూ, అడుగులు వేస్తూ పాడే భజన అది. మిగతా దళాలవాళ్ళు దేవుడి పాటలే పాడేవాళ్ళు. ఓబులేసన్న తనే పాట కట్టేవాడు. ఎద్దుల వెనక నడుస్తూ కట్టేవాడు, బీడీ ముట్టించుకుంటూ కట్టేవాడు, అన్నం ముందు కూర్చుని కట్టేవాడు. ఏ ఊరికి పోతే ఆ ఊరి సంగతి సాయంత్రానికల్లా పాటై కూర్చునేది. కర్నూలు రాజధాని అయిన రోజుల్లో అతని పాట ఆళ్లగడ్డ దాటి నంద్యాలకు, మహానంది తిరునాళ్ళకు, నందికొట్కూరుకు, జూపాడు బంగ్లా దాకా పోయింది. మైకుల్లేవు. సంత చివర కూర్చుని మిరపకాయలు అమ్ముకునే ముసలమ్మకు కూడా మాట మాట వినిపించేది. అంత గొంతు.

నేను నంద్యాలవాణ్ణి. నాటకాలవాళ్ళ దగ్గర హార్మోనియం నేర్చుకున్నాను. ఊళ్ళలో దాన్ని పెట్టె అంటారు. నంద్యాల సంతలో ఒకసారి అతని పాట విని, నాటకాలు వదిలేసి, పెట్టె నెత్తిన పెట్టుకుని అతని వెనక పోయాను. ఎవరూ పిలవలేదు. నాకై నేను పోయాను. అతని పాటంటే నాకు అంత పిచ్చి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తరవాత నేను చేసింది పగవాడు చేసే పని అనుకుంటారేమో, కాదు. ఆ గొంతును నాకంటే ఎక్కువ ప్రేమించినవాడు ఆ జిల్లాలో లేడు.

నేను చేరక ముందు అతను తన గొంతుకు ఎక్కడ తోస్తే అక్కడ ఎత్తుకునేవాడు. నేను చేరాక శ్రుతి ఇవ్వడం నా పనైంది. నేను ఒక మెట్టు నొక్కి పట్టుకుంటే, ఆ నాదం విని, అందులో కలిసి అతను మొదలుపెట్టేవాడు. ఆ ముందు పెట్టెను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేవాడు. ఒక్కనాడు కూడా నా వేలు ఏ మెట్టు మీద ఉందో చూడలేదు. చెక్కలకూ తాళాలకూ శ్రుతితో పని లేదు. అందువల్ల ఆ దళం మొత్తంలో, పాట ఎంత ఎత్తున మొదలవ్వాలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

అతనికి బాగా పేరు తెచ్చిన పాట తూము పాట. అప్పట్లో కాలవ కింద ఒక మోతుబరి ఉండేవాడు. తూము అతని పొలం పక్కనే. నీళ్ళు వదిలిన రోజున తన మనుషుల్ని కాపలా పెట్టి, తన మళ్ళు తడిసి, మురిగి, పొర్లిపోయేదాకా కిందికి చుక్క పోనిచ్చేవాడు కాదు. చివరి పొలాలవాళ్ళ వరి నిలబడి నిలబడి ఎండిపోయేది. అడిగే దమ్ము ఎవరికీ లేదు. బస్సులో సీటుకు తువ్వాలు వేసి పట్టుకుంటారు చూడండి, కాలవకు అట్లా తువ్వాలు వేశాడని ఓబులేసన్న పాట కట్టాడు.

కాలవమ్మ కదిలొచ్చె కడప దావన
తువ్వాలేసి కూచున్నాడు తూము పక్కన
ఎవురబ్బ సొత్తప్పా అంటే... సామీ...
ఎగిరెగిరి దూకె ఎనుబోతు లెక్కన

'సామీ' దగ్గర గొంతును పైకెత్తి, అక్కడే నిలబెట్టి, జనాన్ని ఊపిరి బిగబట్టించి, తరవాత టపీమని ఎనుబోతు మీద దించేవాడు. జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. మోతుబరి బజారులోకి వస్తే ఎవరో ఒకరు వెనకనుంచి 'సామీ' అని రాగం తీసేవాళ్ళు. సిగ్గు అనేది ఎంత పెద్దమనిషికైనా ఉంటుంది కదా. ఆ ఏడు తూము తెరుచుకుంది. చివరి పొలాలు తడిశాయి. దరఖాస్తులతో కానిది నాలుగు చరణాలతో అయింది.

మరి నాకేం రోగం?

చెబుతాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఎందుకంటే కారణం చాలా చిన్నది. ఆళ్లగడ్డలో ఒక సంత రోజు పాట మధ్యలో నా పెట్టె తిత్తి చిరిగింది. బుస్సుమని గాలి పోయి మూగబడింది. ఓబులేసన్న ఆగలేదు. పెట్టె లేకుండానే పాట ముగించి, చెమట తుడుచుకుంటూ జనంతో, "సూసినారా అప్పా, పెట్టె పాయ, పాట పోల్యా. ఎద్దుకు తోక ఉంటే అందం. ల్యాకుంటే సేద్యం నిలుస్తాదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి నా పేరు తోకప్ప. ఊళ్ళలోకి పోతే చాలు, "తోకప్ప వచ్చినాడురో" అని కేకలు. అతను ముద్దుగానే పిలిచేవాడు. తన కంచంలో ముద్ద తీసి నా కంచంలో వేస్తూ, "తినప్పా తోకా" అనేవాడు. ఆ ముద్ద మింగుతూ నేను లోపల ఉడికిపోయేవాణ్ణి. నంద్యాలలో గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవాణ్ణి, నేను తోకనా? నేను శ్రుతి ఇస్తే కదా వాడు నోరు తెరిచేది?

తిత్తి బాగుచేయించుకున్నాక ఒకరోజు పాటకు శ్రుతి ఇచ్చేటప్పుడు నా వేలు ఎప్పుడూ నొక్కే మెట్టు మీద ఆగలేదు. పక్క మెట్టు మీదికి జరిగింది. అంతే. కాస్త పైకి. అతను కళ్ళకద్దుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు, అందులో కలిశాడు. 'సామీ' దగ్గర మెడ నరాలు ఉబ్బాయి. ఎక్కాడు గానీ కష్టపడి ఎక్కాడు. ఎవరికీ తెలియలేదు. నాకు తెలిసింది. నా ఒళ్ళంతా చల్లబడింది, అంత సుఖంగా ఉండింది. అబద్ధం ఎందుకు చెప్పాలి మీకు?

నాకు కావలసింది ఒకటే. పాట మధ్యలో అతను వెనక్కి తిరిగి నా వంక చూడాలి. ఆదుకో అన్నట్టు చూడాలి. అప్పుడు దించేద్దామనుకున్నాను. అతను చూడలేదు. గొంతు చించుకున్నాడు గానీ తిరగలేదు. కొన్ని నెలలు పోయాక నేను ఇంకో మెట్టు ఎక్కించాను.

అప్పుడు జరిగింది మా మధ్య ఆ మాట. మహానందిలో పాడి, మర్నాడు పొద్దున బండిలో నంద్యాలకు వస్తున్నాం. ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి దారిలో ఆపాం. అతను చెనక్కాయలు వొలుచుకుంటూ నా పక్కన కూర్చున్నాడు. గొంతు జీరగా ఉంది.

"ఏమప్పా, ఒకటి అడుగుతా. ఎగతాళి చేయాకు."

"అడుగన్నా."

"సామీ కాడ గొంతు ఎక్కడంల్యా. లోపల యాడనో గీరుకుంటాంది. మునుపు అట్ల ల్యాకుండె. నా గొంతు దిగతాందా, నీ పెట్టె ఎక్కతాందా?"

నవ్వుతూనే అడిగాడు. అనుమానంతో అడగలేదు. దారి తెలియనివాడు దారి అడిగినట్టు అడిగాడు. ఆ క్షణంలో ఔనన్నా, నేనే ఎక్కించా, నన్ను తోక అన్నావని ఎక్కించా అనుంటే ఏమయ్యేది? నాలుగు బూతులు తిట్టేవాడు. చెనక్కాయ పొట్టు నా ముఖాన కొట్టేవాడు. సాయంత్రానికి దాని మీద కూడా ఒక పాట కట్టి నన్ను ఊరూరా నవ్వులపాలు చేసేవాడు. అంతకంటే ఏం కాదు. నాకా సంగతి అప్పుడే తెలుసు. తెలిసీ అన్నాను:

"పెట్టె యాడన్నా ఎక్కతాదా అన్నా? అది కొయ్య, ఇత్తడి. దానికి వయసు వస్తాదా, జబ్బు వస్తాదా? నీ గొంతే సూపించుకో."

"అంతేనంటావా?"

"అంతే."

చేతిలో ఉన్న గింజలు సగం నా చేతిలో పోశాడు. "నువ్వు నేర్చినోనివి. నీకు తెలీకుంటే ఎవురికి తెలుస్తాదిలే" అన్నాడు.

ఆ గింజలు నేను తిన్నాను.

ఆ రోజు నుంచి మొదలైంది అతని గొంతు వైద్యం. బుగ్గన మిరియాలు పెట్టుకునేవాడు. నల్లమల నుంచి వచ్చే చెంచు అన్న ఒకతను పుట్టతేనె తెచ్చిచ్చేవాడు. భార్య సుంకమ్మ కరక్కాయ కాల్చి పెట్టేది. పాపం, బీడీలు మానేశాడు. ఇన్ని చేసినా 'సామీ' ఎక్కదు. ఎట్లా ఎక్కుతుంది? పైన కూర్చుని నేను తాడు గుంజేసుకుంటుంటే!

మీరు అడుగుతారు, పాత మెట్టుకు దించేయొచ్చు కదా అని. అక్కడే ఉంది నా నీచమంతా. దించితే గొంతు హాయిగా ఎక్కుతుంది. ఎక్కితే, నిన్నటిదాకా ఎందుకు ఎక్కలేదని అతను ఆలోచిస్తాడు. అప్పుడు నేను దొరికిపోతాను. ఒక్క అబద్ధం ఆడాను కాబట్టి దాన్ని నిలబెట్టడానికి అతని గొంతును రోజూ ఆ ఎత్తున ఈడ్చాను. దొంగతనం బయటపడుతుందని ఇల్లే తగలబెట్టేవాళ్ళుంటారు. నేను ఆ జాతివాణ్ణి.

ఆ చలికాలం పారువేటకు, మొదట చెప్పానే, ఆ తెలుపున్న ఊళ్ళో పాడమని పిలిచారు. పట్టపగలు. తెలుపు మీద స్వామి పల్లకీ. చుట్టూ ఇసకేస్తే రాలని జనం. మోతుబరి ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. జనం తూము పాటే అడిగారు. అతని ముఖం మీదే పాడాలని అడిగారు. చివరి పొలాలవాళ్ళు ఒక పక్కన గుంపుగా నిలబడి ఉన్నారు, ఆడవాళ్ళతో సహా. ఓబులేసన్న స్వామికి దండం పెట్టి, నా పెట్టె తాకి కళ్ళకద్దుకున్నాడు.

నేను ఇంకో మెట్టు ఎక్కించాను.

ఎందుకు? ఇన్నేళ్ళుగా నన్ను నేను చెప్పుతో కొట్టుకుంటున్నట్టు అడుగుతున్నాను, ఎందుకురా? ఇంతమంది ముందైనా తిరిగి చూస్తాడనా? మోతుబరి నాకేమన్నా ఇచ్చాడా? లేదు. ఆ మనిషితో నేను అప్పటికి ఒక్క మాట కూడా మాట్లాడి ఉండలేదు. దుడ్లు తీసుకుని చేసినా అది ఒక లెక్క. నేను ఊరికే చేశాను.

మొదటి రెండు చరణాలూ పళ్ళ బిగువున లాక్కొచ్చాడు. 'సామీ' అని ఎత్తాడు. గొంతు పైకి పోయింది, వణికింది, చిరిగింది. గుడ్డ చిరిగిన చప్పుడు లాంటిది వచ్చింది, ఆ తరవాత ఏమీ రాలేదు. నోరు తెరిచే ఉంది. మాట లేదు. చెక్కలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అప్పుడు తిరిగి చూశాడు నా వంక. నేను కోరుకున్నది జరిగింది. దగ్గరికి వచ్చి, పెట్టె మీద చేయి వేసి, గాలి లాంటి గొంతుతో, "తప్పాయప్పా. నీ పెట్టెకు అందుకోలేకపోతి" అన్నాడు.

ఇంతలో మోతుబరి కుర్చీలోంచి లేచాడు. పల్లకీ వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. "సామి సూసుకున్నాడు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ముందు వరసలోవాళ్ళు లెంపలు వేసుకున్నారు. వాళ్ళను చూసి వెనకవాళ్ళు. చూస్తుండగానే జనమంతా పటపటా లెంపలు వేసుకోవడమే. చివరి పొలాలవాళ్ళు కూడా వేసుకున్నారు! ఎవరి నీళ్ళ కోసం ఆ మనిషి గొంతు చించుకున్నాడో వాళ్ళే! ఎవరు ఆ గొంతు తీసేసుకున్నాడని అనుకున్నారో ఆ స్వామి పల్లకీలో కూర్చుని ఉన్నాడు, ఆయనకు ఈ సంగతితో ఏం సంబంధం? ఆ జనం మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక్కడికైనా అనుమానం రావద్దా? ఒక్కడైనా నా వేళ్ళ వైపు చూడొద్దా? చూసి ఉంటే ఆ రోజే తన్నించుకుని ఒడ్డున పడేవాణ్ణి.

నమ్మనిది ఒక్క సుంకమ్మ వదిన. నంద్యాలలో డాక్టరు దగ్గరికి ఆమే లాక్కుపోయింది. నేనూ వెంట పోయాను. డాక్టరు నోట్లో లైటు వేసి చూసి, "స్థాయికి మించి పాడావు నాయనా, నోరు కట్టేసుకో" అన్నాడు. ఓబులేసన్న తల అడ్డంగా ఊపి, ఎప్పుడూ పాడే ఎత్తే సార్ అని సైగ చేసి, నా వైపు చూపించాడు. అడగండి, ఇతను చెబుతాడు అన్నట్టు. నేను గోడ వైపు చూశాను. బయటికి వచ్చాక వదిన నా దారికి అడ్డంగా నిలబడింది. "సామికి నా మొగుని గొంతుతో ఏం పనప్పా? నువ్వు పక్కనే కూచుంటివి కదా, నీకేమీ తెలీదా?" అంది. నాకేం తెలుసు వదినా అన్నాను.

చివరికి అతనూ నమ్మాడు. ఊరంతా ఒకటే మాట అంటుంటే ఎవడు నమ్మడు? తడిబట్టలతో తెలుపు చుట్టూ పొర్లుదండాలు పెట్టాడు. మోతుబరి ఇంటికి పోయి కాళ్ళ మీద పడ్డాడు. తూము పాట ఇక నోట పలకనని స్వామి మీద ఒట్టు వేశాడు. టెంకాయల బుట్ట పట్టుకుని అతని వెనకాల నడిచింది ఎవరనుకున్నారు? నేనే. మోతుబరి ఆ రోజు నాకు కూడా మజ్జిగ ఇప్పించాడు.

ఆ తరవాత ఆ పాట పాడే ధైర్యం ఏ దళానికీ లేకపోయింది. తూము మళ్ళీ మూతపడింది, ఈసారి దేవుడి అండతో. చివరి పొలాలవాళ్ళలో చాలామంది నాపరాళ్ళ గనులకు కూలికి పోయారు. నేను నంద్యాలకు పోయి నాటకాలకు వాయించుకుని, పేరు తెచ్చుకుని, శాలువాలు కప్పించుకున్నాను. శ్రుతి పట్టాలంటే ఇతనే పట్టాలి అని వేదికల మీద పొగిడారు. పొగిడినప్పుడల్లా వాళ్ళ నోరు మూయాలనిపించేది. మూయలేదు, దండలు వేయించుకున్నాను.

అతన్ని ఆఖరిసారి చూసింది జొన్నచేలో. కంకులు పాలు పోసుకుంటున్నాయి. చుట్టుపక్కల చేలల్లో మంచెలెక్కిన వాళ్ళు హోయ్ హోయ్ అని కేకలేసి పిట్టల్ని తోలుతున్నారు. ఓబులేసన్న తన మంచె మీద నిలబడి డబ్బా రేకు కొడుతున్నాడు. కేక వేయలేడు కదా. నన్ను చూసి నవ్వి, రేకు పైకెత్తి చూపించాడు, ఇప్పుడు నా పెట్టె ఇదే అన్నట్టు. చెప్పాలని పోయాను. గట్టు దాకా పోయాను. చేయి ఊపి వచ్చేశాను. రెండేళ్ళు తిరక్కుండానే పోయాడని తెలిసింది. నేనే పాపం చేశానప్పా అనుకుంటూ పోయి ఉంటాడు. ఆ మాట తలుచుకుంటే నాకు నా చేతుల్ని చూడబుద్ధి కాదు.

ఆ గొంతు ఎట్లాగూ పోయేదేమో, మైకుల్లేని కాలం, బీడీల అలవాటు, అని ఒక్కోసారి లోపలి నుంచి ఒకడు సర్ది చెబుతుంటాడు. వాణ్ణి నోరు మూసుకోమంటున్నాను, మీ ముందరే. క్షమాపణ అడగడానికి ఎవరూ మిగల్లేదు. మీరు క్షమించినా నాకు అక్కర్లేదు, క్షమించడానికి మీ గొంతు కాదు పోయింది. ఎప్పుడైనా పారువేటకు పోతే, తెలుపు దగ్గర ఎవరైనా ఆ కథ చెబుతుంటే, పెట్టె వాయించేవాడు చేశాడట అని ఒక్క మాట అనండి.

సుంకమ్మ వదిన కూడా లేదు ఇప్పుడు. ఆ రోజు నంద్యాలలో ఎండలో నిలబడి ఆమె అడిగిన దానికి నేను జవాబు బాకీ. ఇన్నేళ్ళకు నోరు పెగిలింది, ఇక్కడ రాసేస్తాను.

సామికేం పని ల్యాదు వదినా. పని నాకుండె.